బండి కింద మాట

పట్టాల పక్క ఇల్లు,
ఆదివారం.

వదినా,

చెల్లెలి ఇంటికి క్షేమంగా చేరాను. చేరి ఇన్నాళ్ళయ్యాక రాస్తున్నానని తిట్టుకోకు. ఈ ఇంట్లో కలం పట్టుకుని కూర్చుంటే బల్ల వణుకుతుంది, బల్లతోపాటు నా చెయ్యి, చేతితోపాటు నా రాత. కోడిగీతలని వెక్కిరించబోయే ముందు గుర్తుపెట్టుకో, ఇవి నా గీతలు కావు, రైలువి.

రైలు దగ్గర ఇల్లంటే స్టేషనుకు దగ్గరేమో, రాకపోకలకు సుఖమని మనిద్దరం అనుకున్నాం కదా. ఏం సుఖమో విను. ఇక్కడొక పెద్ద గిడ్డంగి ఉంది. దాని గోడకు వీపు ఆనించి వరసగా కొన్ని ఇళ్ళు. ఇళ్ళ ముందు ఒక మనిషి నడిచేంత బాట. బాట పక్కనే పట్టాలు. అంతే, లోకం అక్కడితో సరి. వెనక దారి లేదు. వీధిలోకి వెళ్ళాలంటే పట్టాల మధ్య పరిచిన చెక్కపలకల మీదుగా అవతలికి దాటాల్సిందే. కొట్టు అవతల, డాక్టరు అవతల, నీ ఉత్తరం వెయ్యాల్సిన డబ్బా కూడా అవతలే.

మొదటిరోజు కిటికీ దగ్గర టీ తాగుతూ తలెత్తాను కదా, ఎదురుగా ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. మా వంటింట్లో కాదులే, రైల్లో. ఆయన నా కప్పు వంక చూశాడు, నేను ఆయన పేపరు వంక చూశాను. పలకరిద్దామనుకునేలోగా వెళ్ళిపోయాడు. బండి వచ్చేటప్పుడు పరదా ఇంట్లోకి ఉబ్బుతుంది, పోయేటప్పుడు బయటికి లాక్కుంటుంది. కప్పుల మీద సాసర్లు బోర్లించకపోతే టీలో ఇనుప ధూళి తేలుతుంది. ఇంట్లో ఎక్కడా మేకు లేదు. కొట్టిన మేకు నెలలో ఊడి వస్తుందట. అద్దం, క్యాలెండరు అన్నీ మా మరిది, అదే చెల్లెలి మొగుడు, తను పనిచేసే పుస్తకాల బైండింగ్ షాపు జిగురుతో గోడకు అతికించాడు.

చెల్లెలి కాలు ఇంకా బాగవలేదు. పోయినేడాది విరిగింది కదా, కట్టు విప్పి చాలా కాలమైనా నొప్పి లాగుతోందట. గుమ్మం దాటదు. బైండింగ్ షాపు నుంచి మరిది అచ్చు కాగితాలు కట్టలుగా తెస్తాడు, అది కూర్చుని మడతలు పెడుతుంది. నేనూ పెడుతున్నాను. బండి వస్తుందంటే ఇద్దరం కాగితాల దొంతర మీద అరచేతులు పెట్టి, ప్రమాణం చేస్తున్నవాళ్ళలా కూర్చుంటాం.

అసలు వింత ఇది కాదు. బండి వచ్చేసరికి ఈ వరసలో వాళ్ళంతా మాట మధ్యలో ఆపేస్తారు. నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉంటారు. బండి పోగానే ఆగిన అక్షరం దగ్గరి నుంచి మొదలుపెడతారు. మొదట్లో పక్కింటావిడకు మూర్ఛేమో అనుకుని నీళ్ళు తేబోయాను. బండ్లను బట్టి టైము చెబుతుందని ఆవిణ్ణి గంటలత్త అంటారు. ఆవిడే నాకు ఇక్కడి పద్ధతి చెప్పింది. బండి పోతుండగా కొందరు ఆపరు, మాట్లాడతారు. కడుపులో దాచుకున్నదంతా అప్పుడు అనేస్తారు. మొగుణ్ణి తిట్టేవాళ్ళు తిడతారు, అత్తను శపించేవాళ్ళు శపిస్తారు. ఎదుటివాళ్ళకు వినపడదు, వినపడినా పట్టించుకోకూడదు. "బండి కింద మాట బండితోనే పోతుంది" అంది.

పాపం, ఆవిడకేం తెలుసు? మరమగ్గాల రొదలో ఇన్నేళ్ళు పెదాలు చూసి మాట్లాడుకున్నవాళ్ళం మనం. వీళ్ళకు వినపడనిదంతా నాకు కనపడుతోంది వదినా. చివరింటి ఆవిడ నిన్న నవ్వుతూనే మొగుడికి కూర వడ్డిస్తూ ఏమందో తెలిస్తే నీకు పొలమారుతుంది. వచ్చాక చెబుతాను, కాగితం మీద పెట్టే మాట కాదు.

షెడ్డులో కొత్త మగ్గాలు దిగేదాకా ఎలాగూ మనకు పని లేదు. రెండు వారాలు చెల్లెలికి సాయం చేసి వచ్చేస్తాను. నా కుండీలకు నీళ్ళు పొయ్యి.

నీ మరదలు.


మిల్లు వెనక గదులు,
శుక్రవారం.

మరదలా,

నీకు మంచి కాలక్షేపం దొరికింది. ఊరందరి నోళ్ళూ చదువుతూ కూర్చో.

ఒక్క మాట చెబుతా, పిలుపుకే వదిననైనా పెద్దదాన్ని కాబట్టి విను. మన షెడ్డులో అందరికీ పెదాలు చదవడం వచ్చు, అందుకే మనం జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళం. అక్కడ వాళ్ళు చీకట్లో ఉన్నామనుకుని బట్టలు మార్చుకుంటున్నారు, నువ్వు దీపం పట్టుకుని కూర్చున్నావు. అది మర్యాద కాదు. కళ్ళు దించుకోవడం చేతకాకపోతే కనీసం నోరు మూసుకో. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు కాబట్టే ఇంత చెబుతున్నా.

ఇక్కడ మగ్గాలు దిగాయి. బిగిస్తున్నారు. మన పాతవాటిలో సగం ఎత్తు కూడా లేవు, చూడబోతే బొమ్మల్లా ఉన్నాయి. మేస్త్రీ మాత్రం తానే కన్నట్టు వాటి చుట్టూ తిరుగుతున్నాడు. వచ్చే నెల మొదటి సోమవారం షెడ్డు తెరుస్తారట. ఆ రోజు మగ్గం దగ్గర నిలబడినవాళ్ళకే పని, రానివాళ్ళ చోటు బయటివాళ్ళకు ఇచ్చేస్తానని అందరి ముందూ చెప్పాడు. నీ రెండు వారాలకూ దానికీ మధ్య ఇంకా వ్యవధి ఉందిలే, కంగారు పడకు.

నా గది కప్పు మళ్ళీ కారుతోంది. నీ గదిలో మంచం వేసుకుని పడుకుంటున్నాను. నీ దిండు ఇటుకరాయిలా ఉంది. దీని మీద ఇన్నేళ్ళు ఎలా పడుకున్నావే?

మీ చెల్లెల్ని అడిగానని చెప్పు.

వదిన.


పట్టాల పక్క ఇల్లు,
బుధవారం.

వదినా,

నువ్వు చెప్పినట్టు కళ్ళు దించుకునే ఉన్నాను. కానీ నా కళ్ళకు ఎదురుగా వచ్చి నిలబడిన మాటను ఏం చెయ్యను?

రెండు వారాలు ఎప్పుడో అయిపోయాయి. వెళ్తానన్నప్పుడల్లా చెల్లెలి కాలు లాగుతోంది. నేను సంచి బయటికి తీస్తే లాగుతుంది, లోపల పెడితే తగ్గుతుంది. మొన్న పొద్దున మరిది గుమ్మంలో బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఇది ఆయన పక్కనే పొయ్యి దగ్గర ఉంది. గూడ్సు బండి వచ్చింది. నేను తల వంచుకుని కాగితాలు మడుస్తున్నాను కదా, నాకేం తెలియదనుకుంది. అప్పుడే కళ్ళెత్తాను. మొగుడి మీదికి వంగి, "కాలు తగ్గిందని అక్కకు చెప్పకండి, తెలిస్తే ఆగదు" అంది. "ఎన్నాళ్ళని?" అన్నాడు ఆయన. "ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు" అంది. చివరి పెట్టె పోయింది. ఇది నా వైపు తిరిగి టీ పెట్టనా అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంట, బట్టలు, బజారు అన్నీ నా నెత్తిన వేసి, బాగైన కాలును దాచుకుని కూర్చుందా? అక్కలను చూస్తే అంత అలుసా అనుకున్నాను. మర్నాడు పంతం పట్టి, కొట్టు దాకా నాతో రమ్మన్నాను. వస్తానంది. తల దువ్వుకుంది, సంచి పట్టుకుంది. గుమ్మం నుంచి పలకల దాకా చక్కగా నడిచింది. అక్కడ నిలబడిపోయింది.

బండి లేదు వదినా. రెండు వైపులా ఎంత దూరం చూసినా ఖాళీ పట్టాలే. నేను అవతలికి దాటి వెనక్కి తిరిగితే ఇది ఇవతలే ఉంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. సంచి పిడిని రెండు చేతులా పిసుకుతోంది. చెమట బొట్లు గడ్డం మీంచి జారుతున్నాయి. కాసేపటికి, కాలు లాగుతోందక్కా అని వెనక్కి తిరిగింది. కుంటుతూ పోయింది. వచ్చేటప్పుడు కుంటలేదు.

గంటలత్తను అడిగితే చెప్పింది. పోయినేడాది దాటుతుంటే దీని చెప్పు పలకకూ పట్టాకూ మధ్య ఇరుక్కుందట. చెప్పు వదిలేసి రావచ్చు కదా, ఆ క్షణంలో బుర్ర పనిచెయ్యదు, వంగి దాన్ని లాగుతూ కూర్చుంది. బండి కూత వేస్తోంది, ఇళ్ళవాళ్ళు అరుస్తున్నారు. చివరికి ఒకాయన దూకి ఈడ్చేశాడు. ఆ ఈడ్పుకే కాలు విరిగింది. డాక్టరు దగ్గరికి, తిరిగి ఇంటికి స్ట్రెచరు మీద కళ్ళు మూసుకుని దాటింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా దాటలేదు. కాలు నొప్పంటే పదిమందికీ చెప్పుకోవచ్చు, భయమంటే ఎవరితో చెప్పుకుంటారు? అందుకని మొగుడూ పెళ్ళాలిద్దరూ కాలు పేరు చెప్పుకుని కాలం గడుపుతున్నారు. గంటలత్తతో సహా అందరూ కాలు నొప్పేనని నమ్ముతున్నారు.

నిన్న బజారు నుంచి నేనూ మరిదీ కలిసి వస్తున్నాం. వీధి వైపు ఇల్లు చూసుకోవచ్చు కదా అని అడిగాను. ఇంతలో బండి వచ్చి ఇద్దరం ఆగాం. ఆయన ముఖం బండి వైపు పెట్టి, నాతో కాదు, ఎవరితోనూ కాదు, "సామాను దాటుతుంది. మనిషి దాటొద్దూ?" అన్నాడు. బండి పోయాక నా వైపు తిరిగి, అవతల అద్దెలు ఎక్కువండీ అన్నాడు.

ఏం చెయ్యమంటావు? తెలిసిందని చెబితే దొంగచాటుగా చూశానని ఒప్పుకోవాలి. చెప్పకపోతే ఈ కాలు ఎప్పటికీ బాగవదు. అడకత్తెరలో పోకచెక్కనై కూర్చున్నాను. బజారుకు దాటినప్పుడల్లా నాకు ఊపిరి ఆడుతుంది వదినా. తిరిగి వచ్చేటప్పుడు ఆ పలకల మీద కాలు పెట్టాలంటే నాకే మనసొప్పడం లేదు, భయంతో కాదు, లోపలికి పోతున్నాననే దిగులుతో.

నీ మరదలు.


మిల్లు వెనక గదులు,
సోమవారం.

మరదలా,

నీ ఉత్తరం చూశాను. నాకు పెద్దగా సలహాలు తోచడం లేదు. మన దగ్గర కొత్తగా చేరిన పిల్లలు మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె ఎగిరి మీద పడుతుందని వణికేవాళ్ళు కదా, వాళ్ళను మనం బలవంతంగా మగ్గం దగ్గరికి తోసిన రోజు ఒక్కరూ నిలబడలేదు. తామే వచ్చి నిలబడ్డవాళ్ళే నేర్చుకున్నారు. నాకు తెలిసింది అంతే.

నీకు ఉండాలనిపిస్తే ఉండు. తోడబుట్టింది కదా. మిల్లు ఎక్కడికి పోతుంది? నా సంగతి ఆలోచించకు, నేను బాగానే ఉన్నాను. కప్పు బాగుచేయించుకుని నా గదిలోకి మారిపోయాను. నీ కుండీలు బాగున్నాయి.

ఇక్కడ కొత్త విశేషాలేమీ లేవు.

వదిన.


పట్టాల పక్క ఇల్లు,
శనివారం.

వదినా,

నోరు జారాను. నువ్వు ముందే చెప్పావు, అయినా జారాను.

మొన్నామధ్య ఒక సాయంత్రం భోజనాలయ్యాయి. చెల్లెలు నాకు వీపు పెట్టి గిన్నెలు కడుగుతోంది. మరిది పక్కన నిలబడి తుడుస్తున్నాడు. కడిగే చోట గోడకు అతికించిన అద్దంలో దాని ముఖం నాకు కనపడుతుందని దానికేం తెలుసు? బండి వచ్చింది. "అక్కకు అక్కడ ఎవరున్నారు? ఒక గది, ఒక మగ్గం. ఆ మగ్గం కాస్తా పోతే ఇక్కడే పడి ఉంటుంది" అంది.

తేలు కుట్టినట్టయింది. ముందూ వెనకా చూసుకోకుండా, మగ్గం పోతే ఎక్కడ ఉండాలో నేను చూసుకుంటాలే అన్నాను. అదీ గట్టిగా, షెడ్డులో అరిచినట్టు అరిచాను. నా ఖర్మ, సరిగ్గా నేను నోరు తెరిచేసరికి చివరి పెట్టె దాటిపోయింది. నా మాట ఆ నిశ్శబ్దంలో మూడో ఇంటి దాకా వినపడి ఉంటుంది.

మరిది చేతిలో గిన్నె అలాగే ఉంది. మీకు వినపడిందా అని అడిగాడు. వినపడలేదు, కనపడింది అన్నాను. ఆ ఒక్క ముక్కతో అంతా బయటపడింది. ఎన్నాళ్ళ నుంచి అన్నాడు. వచ్చిన రోజు నుంచి అన్నాను. ఆయన గిన్నె కింద పెట్టి బయటికి వెళ్ళి బాటలో నిలబడ్డాడు.

తెల్లవారేసరికి వరసంతా తెలిసిపోయింది. అప్పటి నుంచి నా బతుకు చూడాలి. నేను బాటలోకి వస్తే బండి వచ్చేటప్పుడు అందరూ గోడవైపు తిరుగుతున్నారు. గంటలత్త నాతో మాట్లాడేటప్పుడు చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంటోంది, బండి లేనప్పుడు కూడా. చివరింటి ఆవిడ తిట్టుకోవడం మానేసింది. కోపం పోయే దారి మూసుకుపోయి, ఇప్పుడు బండి లేనప్పుడే మొగుడితో గొడవ పడుతోంది. నా మూలంగా ఒక కాపురం కూలేట్టుంది. మరిది నాకు వీపు పెట్టి అన్నం తింటున్నాడు. ఉన్నది రెండు గదులు, వాటిలో ముగ్గురం ఒకరికొకరం ముఖాలు చాటేసుకుంటూ తిరుగుతున్నాం. బయటికి పోదామంటే ఎక్కడికి పోను? బాటంతా నావైపు వీపులే.

చెల్లెలు అన్న మాట నాకు గుచ్చుకునే ఉంది. ఒక గది, ఒక మగ్గం. నిజమే కదా అని కూడా అనిపించింది, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇవాళ పొద్దున నేను కాగితాలు మడుస్తుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. బండి చప్పుడు దూరంగా వినపడింది. దొంతర మీద చేతులు పెట్టాం. బండి ఇంటి మీదికి వచ్చాక అది తలెత్తి నా ముఖంలోకి చూస్తూ, కొత్తపిల్లలకు మనం చెప్పేవాళ్ళం చూడు, అలా ఒక్కొక్క మాటా పెదాలు బాగా తెరిచి చెప్పింది.

"భయమేస్తోందక్కా. కాలు కాదు. పలకలు చూస్తే నాకు ఊపిరాడదు. నువ్వు పోవద్దు."

చప్పుడు లేదు, ఊరికే పెదాలు. బండి పోయింది. అది కళ్ళు తుడుచుకుని, కాగితం అంచులు సరిగ్గా కలవలేదు చూడు అంది. నేను ఏడ్చాను వదినా. కట్టుకున్నవాడితో కూడా ఏడాదిగా పైకి అనలేని మాటను నాతో అంది. బండి కింద అంటే అంది, కానీ నేను చదువుతానని తెలిసే అంది.

దీన్ని వదిలి నేనెలా వచ్చేది? ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఉండిపోతాను. నువ్వూ ఉండమనే రాశావు. నిజం చెప్పనా, ఆ ఉత్తరం చూసి నాకు కొంచెం బాధేసింది. రావద్దంటావనుకోలేదు. ఇన్నేళ్ళు ఒకే మగ్గాల దగ్గర నిలబడ్డాం, మరీ అంత తేలిగ్గా వదులుకున్నావా అనిపించింది. సరేలే. నా గది మేస్త్రీకి అప్పగించు. కుండీలు నువ్వు ఉంచుకో. మగ్గం ఎవరికి వస్తుందో, మంచి చెయ్యి అయితే బాగుండు.

నీ మరదలు.


మిల్లు వెనక గదులు,
మంగళవారం.

నీకు సంబోధన పెట్టడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

తేలిగ్గా వదులుకున్నానా? గోడ మీది అద్దంలో పెదాలు చదివావు, రైలు వైపు తిరిగినవాడి పెదాలు చదివావు, నేను నీకు చేతిలో పెట్టిన కాగితం చదవలేకపోయావా? నేను ఎప్పుడైనా నీకు అంత చిన్న ఉత్తరం రాశానా? విశేషాలేమీ లేవని ఎప్పుడైనా రాశానా? ఈ వరసలో కోడి తుమ్మితే నీకు రాసేదాన్ని.

చెప్పకూడదనే అనుకున్నాను. ఇప్పుడు కోపం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కొత్త మగ్గాలకు జంటల్నే తీసుకుంటారు. పాతజంట పాతజంటగానే రావాలి. ఒకరి చెయ్యి ఒకరికి అలవాటు ఉంటేనే ఆ వేగం అందుతుందని మేస్త్రీ లెక్క. ఒంటరిగా వచ్చినవాళ్ళలో పడుచువాళ్ళకు కొత్తజంట కలుపుతాడు. నా వయసు మనిషికి జంట కడతాడా? నీ జంట ఏదీ అని అప్పుడే రెండుసార్లు అడిగాడు. దారిలో ఉంది, వస్తోంది అని చెప్పాను. ఆ తర్వాతే నీకు ఉండమని రాశాను. నువ్వు చెల్లెలి మధ్యా నా మధ్యా నలుగుతావని రాశాను. పెద్దదాన్ని కదా, పెద్దరికం వెలగబెట్టాను.

నేను అంత మంచిదాన్నేమీ కాదు. రాసి డబ్బాలో వేసిన దగ్గర్నుంచి నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. గదిలో కూర్చుని కిటికీలోంచి షెడ్డు వంక చూస్తుంటాను. నాకు వేరే పని రాదు, వేరే చోటు లేదు. నన్ను రమ్మనే చెల్లెలు కూడా లేదు.

కప్పు ఇంకా కారుతూనే ఉంది. అదీ అబద్ధమే. నీ గదిలోనే ఉన్నాను, నీ ఇటుకరాయి మీదే పడుకుంటున్నాను.

రమ్మనడం లేదు. వద్దనడం కూడా లేదు. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాశాను, నీ ఇష్టం.

వదిన.


పట్టాల పక్క ఇల్లు,
గురువారం.

వదినా,

తిట్లన్నీ అందాయి. ఒక్కటీ దారిలో పోలేదు.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, అలా ఉంది నా పని. ఇక్కడ ఉంటే నీ నోటి దగ్గర కూడు తీసినట్టే. అక్కడికి వస్తే దీన్ని ఈ గోడకూ పట్టాలకూ మధ్య వదిలేసినట్టే. చివరికి, దాచుకుని దాచుకునే కదా ఇంతదాకా వచ్చాం, నేనైనా దాచకూడదనుకున్నాను. నిన్న మధ్యాహ్నం కాగితాలు మడుస్తూ చెల్లెలికి అంతా చెప్పేశాను. నీ సంగతి, జంటల సంగతి, సోమవారం సంగతి. నేను ఉండిపోదామనుకున్న సంగతి కూడా.

అది మడతలు పెడుతూనే ఉంది. బండి వచ్చింది. ఇక ఇప్పుడు అంటుందని దాని ముఖం వైపే చూస్తున్నాను. పెదాలు బిగించుకుని కూర్చుంది. గూడ్సు బండి, ఎంతకీ తెగదు. అది పోతున్నంతసేపూ నా కళ్ళల్లోకి చూస్తూనే ఉంది గానీ ఒక్క ముక్క అనలేదు. చివరి పెట్టె పోయింది. పరదా కూడా వచ్చి కిటికీకి ఆనుకుంది. అప్పుడు లేచి గుమ్మంలోకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. గంటలత్త తన గుమ్మంలో కూర్చుని ఉంది. మరిది భోజనానికి వచ్చి బాటలో బూట్లు విప్పుకుంటున్నాడు.

"నా కాలు బాగైపోయింది. ఎప్పుడో బాగైంది. నాకు పట్టాలు దాటాలంటే భయం" అంది.

అందరికీ వినపడేలా అంది. గంటలత్త చేతిగుడ్డ నోటి మీంచి దించేసింది. మరిది కంగారుగా లేచి, దానికి కాలు లాగుతోందండీ అని ఎవరికో చెప్పబోయాడు. ఇది ఆయన చెయ్యి పట్టుకుని ఇక చాలండీ అంది. ఆయన ఒక కాలికి బూటుతోనే గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. మోసి మోసి దించిన మనిషిలా ఉన్నాడు. నాకు ఆయన మీద ఉన్న కోపం కాస్తా పోయింది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. నువ్వు సోమవారానికి అక్కడ ఉండాలక్కా అంది. నాకు ఏమనిపించిందో చెప్పనా? కోపం వచ్చింది. మొన్న పోవద్దని ఏడ్చిన మనిషి ఇవాళ పొమ్మంటోంది, నేనేమన్నా సంచినా, కావాలంటే బయటికి తీసి వద్దంటే లోపల పెట్టడానికి? ఆ మాటే అన్నాను. అది నన్ను కూర్చోబెట్టింది.

"నువ్వుంటే నా కాళ్ళు నువ్వే అక్కా. బజారుకు నువ్వు వెళ్తావు, మందుకు నువ్వు వెళ్తావు. నేను దాటాల్సిన పనే ఉండదు. ఇంకో ఏడాది పోతే గుమ్మం దిగడం కూడా మానేస్తాను. నాకది తెలుసు. తెలిసే నిన్ను ఉంచుకుందామనుకున్నాను" అంది.

అది చెప్పింది నిజం వదినా. దానికి నా అవసరం ఉందని నేనూ లోపల్లోపల మురిసిపోయాను. ఒక గది, ఒక మగ్గం అన్న మాట గుచ్చుకున్న చోట ఆ మురిపెం మందులా పనిచేసింది. నేను వంట చేసి బజారు చేసి దాని కాలికి ఇంకో కట్టు కట్టాను, అంతే.

ఇవాళ పొద్దున అది మొగుడితో కలిసి పలకల దాకా వెళ్ళింది. కుంటలేదు. చాలాసేపు నిలబడింది. గంటలత్త గుమ్మంలోంచి బండికి ఇంకా టైముందని చెబుతూనే ఉంది. మొదటి పలక మీద కాలు పెట్టి తీసేసింది. ఇంటికి వచ్చి మంచం మీద పడి వణికింది. నేను దుప్పటి కప్పాను. సాయంత్రం మళ్ళీ వెళ్తానంది. వెళ్ళింది, కానీ ఈసారి కాలు పెట్టలేకపోయింది. బాగుపడుతుందని నీకు తియ్యటి కబుర్లు రాయను. నాకు తెలియదు.

శనివారం బయలుదేరుతున్నాను. మేస్త్రీకి నీ జంట వస్తోందని మళ్ళీ చెప్పు, ఈసారి అది అబద్ధం కాదు.

అది పలకల దాకా వచ్చి నన్ను సాగనంపుతుందట. నేను దాటి అవతలికి చేరతాను, అది ఇవతలే ఉండిపోతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఇందాక నా బట్టలు సంచిలో సర్దుతూ ఒక్కటే అడిగింది. అవతలికి చేరాక వెనక్కి తిరిగి చూడొద్దంది. చూస్తే తను పిలుస్తుందట. గొంతెత్తి పిలవక్కర్లేదు కదా, పెదాలు కదిపితే చాలు నాకు తెలిసిపోతుంది. పిలిస్తే నేను తిరిగి వచ్చేస్తానంది.

వచ్చేస్తాను వదినా. అది నిజం. అందుకే చూడను.

నీ మరదలు.